ముహూర్తం మార్చాలి, ట్రయల్ గడువు తీరిపోయింది

విశాఖపట్నం కంచరపాలెం నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు ప్రచురించవద్దని కోరారు. డిగ్రీ అయ్యాక ఆరేళ్లు ఒక డీటీపీ సెంటర్‌లో పనిచేసిన ఆమె, పాప పుట్టాక ఉద్యోగం మానేశారు. పాప బడికి వెళ్లడం మొదలయ్యాక డ్వాక్రా సంఘంలో తీసుకున్న అప్పుతో ల్యాప్‌టాప్ కొన్నారు. ఇంట్లోనే శుభలేఖలు, ఓణీల ఫంక్షను కార్డులు, దుకాణాలవారి విజిటింగ్ కార్డులు తయారుచేసి, డాబాగార్డెన్స్‌లో ఒక ప్రెస్సుకు ఇచ్చి అచ్చు వేయిస్తున్నారు. ఒక్కో డిజైనుకు 600 రూపాయలు తీసుకుంటారు. సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత లేక ఉచిత ట్రయల్ దించుకుని, ఆ గడువులోనే 11 పనులు పూర్తి చేశారు.

గడువు తీరిన మరునాడు ఒక పెళ్లివారు ఫోన్ చేశారు. ముహూర్తం రాత్రి 9 గంటల 14 నిమిషాలకు కాదు, 9 గంటల 41 నిమిషాలకని, అంకెలు తారుమారయ్యాయని చెప్పారు. ఆమె ఫైలు తెరిచారు. కార్డు కనబడుతోంది గానీ సేవ్, ఎక్స్‌పోర్ట్, ప్రింట్ అన్న మూడు మాటలూ బూడిద రంగులోకి మారిపోయాయి. ఎంత నొక్కినా పలకలేదు. ప్రూఫ్ కోసం ప్రెస్సుకు పంపిన పీడీఎఫ్ ఉంది, ప్లేటు ఇంకా వేయలేదు.

ఆమె కష్టం ఇక్కడితో ఆగలేదు. అంతకుముందు మరో సాఫ్ట్‌వేర్ ట్రయల్ కోసం భర్త కార్డు నంబరు ఇచ్చి, రద్దు చేయడం మరిచిపోతే ఆ సంస్థవారు నెల చందా 2,300 రూపాయలు కోసుకున్నారు. ఆ డబ్బు ఏమైందని భర్త అడిగితే తెలియదని అన్నారట. బ్రౌజర్‌లో నడిచే ఒక ఉచిత పరికరంలో చేసిన కార్డు అచ్చులో మెరూన్ రంగు పాలిపోయి వచ్చింది. ఇంకొక దానిలో ‘శ్రీరస్తు’ అని కొడితే తావత్తు సకారం కింద కూర్చోకుండా విడిపోయింది. మరిది పెన్‌డ్రైవ్‌లో క్రాక్ (డబ్బు కట్టకుండా తాళం తీసిన దొంగ ప్రతి) తెచ్చి, “వదినా, ఊళ్లో సగం షాపుల్లో ఇదే” అంటున్నాడు. ఆమె అడిగిన ప్రశ్న ఇది: “ఈ ట్రయల్స్ అన్నీ మోసమేనా? నేను కొనుక్కోవాలా, క్రాక్ వేయించుకోవాలా, కొత్త మెయిల్ ఐడీతో మళ్లీ ట్రయల్ తీసుకోవాలా, లేక ఈ పనే మానుకోవాలా?”

సమాధానం:

మిగతా ప్రశ్నలన్నీ తర్వాత చూద్దాం, ముందు పెళ్లివారి కార్డు సంగతి. మీరు ప్రెస్సుకు పంపిన పీడీఎఫ్‌లో అక్షరాలను కర్వ్స్‌గా మార్చి ఉంటే, అక్కడ 14 అన్నది ఇప్పుడు అంకె కాదు, రెండు బొమ్మలు. మీకు కావలసిన 4, 1 రెండూ ఆ కాగితం మీదే, అదే సైజులో, అదే రంగులో ఉన్నాయి. కొత్తగా ఏమీ టైపు చేయనక్కరలేదు; వాటి చోట్లు మార్చితే చాలు. ప్రెస్సులో కంప్యూటర్ దగ్గర కూర్చునే అబ్బాయికి ఫోన్ చేసి ఆ మాట చెప్పండి. అతనికి ఐదు నిమిషాల పని, పైగా అతని సాఫ్ట్‌వేర్‌లోనే చేస్తే అచ్చు రంగులు చెదరవు. ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ పీడీఎఫ్‌ను మీరే తెరిచి మార్చుకోవచ్చు గానీ, తిరిగి సేవ్ చేసినప్పుడు రంగులు తెర రంగులుగా మారిపోతాయి కాబట్టి దానిని రెండో దారిగానే ఉంచుకోండి. ఏ దారిలో చేసినా, ప్లేటు వేసే ముందు కొత్త ప్రూఫ్‌ను పెళ్లివారికి పంపి, సరిచూసుకున్నామని వారి చేత వాట్సాప్‌లో రాయించుకోండి.

ఇక మీ అసలు ప్రశ్న. ట్రయల్స్ అన్నీ మోసం కావు. కానీ ట్రయల్‌ను దేనికి ఇస్తారో దానికి మీరు వాడలేదు. చీరల కొట్టులో చీర భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకోనిస్తారు, పేరంటానికి కట్టుకెళ్లనివ్వరు. చాలా సంస్థల ఒప్పందాలలో ట్రయల్ పరిశీలనకు మాత్రమేనని రాసి ఉంటుంది. మీరు ఆ పరిశీలన కాలాన్ని బతుకుతెరువుగా మార్చుకున్నారు. మీ పరిస్థితిలో అది ఎందుకు జరిగిందో నాకు అర్థమవుతోంది, అందుకు మిమ్మల్ని నిందించను. కానీ దెబ్బ ఎక్కడ తగిలిందో మాత్రం స్పష్టంగా చూడాలి. గడువు తీరడం పెద్ద దెబ్బ కాదు. 11 పనులు ఆ సాఫ్ట్‌వేర్‌కు మాత్రమే అర్థమయ్యే ఫైళ్లలో ఉండిపోవడం పెద్ద దెబ్బ. గడువులోపలే ప్రతి పనినీ పీడీఎఫ్‌గా, వేరే సాఫ్ట్‌వేర్లు కూడా తెరవగలిగే ఎస్‌వీజీ ఫైలుగా కూడా దాచుకుని ఉంటే ఈ ఉత్తరం రాయవలసి వచ్చేది కాదు.

మీరు రాసిన ఇబ్బందులన్నీ ట్రయల్‌వే అనుకుంటున్నారు, అవి నిజానికి మూడు వేర్వేరు రకాలు. గడువుకు కట్టుబడిన ట్రయల్ ఒక రకం. అందులో అన్ని సౌకర్యాలూ ఉంటాయి, కాలం మాత్రమే తక్కువ. అడోబ్ సంస్థ ఫోటోషాప్, ఇలస్ట్రేటర్‌లకు సాధారణంగా 7 రోజులు ఇస్తుంది, కోరల్‌డ్రా 15 రోజులు ఇస్తుంది. రెండో రకంలో గడువు ఉండదు, సౌకర్యాలకు కోత ఉంటుంది. బ్రౌజర్‌లో నడిచే కాన్వా ఉచిత ఖాతాలో ఎన్నేళ్లయినా పనిచేసుకోవచ్చు గానీ, నేపథ్యం లేని పీఎన్‌జీ బొమ్మ కావాలన్నా, అచ్చుకు పనికొచ్చే సీఎంవైకే పీడీఎఫ్ కావాలన్నా డబ్బు కట్టాలి. మీ మెరూన్ పాలిపోవడానికి కారణం ఇక్కడే ఉందని నా అనుమానం. తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుతో రంగు చూపిస్తుంది. ప్రెస్సు నీలి, గులాబీ, పసుపు, నలుపు సిరాలతో అచ్చు వేస్తుంది; సీఎంవైకే అంటే ఈ నాలుగు సిరాలే. తెర రంగుల పీడీఎఫ్‌ను ప్రెస్సు యంత్రం తన పద్ధతిలో మార్చుకున్నప్పుడు కుంకుమ రంగు ఇటుక రంగు అవుతుంది. నల్లటి అక్షరాల సంగతి ఇంకా ముఖ్యం. అవి ఒక్క నల్ల సిరాతో కాక నాలుగు సిరాలతోనూ పడతాయి. ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా చిన్న సైజులోని వత్తుల చుట్టూ గులాబీ నీడ కనబడుతుంది. ఆ కార్డు మీ దగ్గర ఉంటే, వరుడి తల్లిదండ్రుల పేర్ల వరుసను భూతద్దంతో చూడండి.

మూడో రకం అసలు ట్రయల్‌కు సంబంధించినదే కాదు. తావత్తు విడిపోవడం డబ్బు కట్టినా పోదు. తెలుగు అక్షరాలను కూర్చడానికి సాఫ్ట్‌వేర్‌కు వేరే పద్ధతి కావాలి. కొన్నింటిలో ఆ పద్ధతి ఉండీ మూతపడి ఉంటుంది. ఫోటోషాప్ పాత వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లో టైప్ అన్నచోట వరల్డ్ రెడీ లేఅవుట్‌ను ఎంచుకోవాలి. ఇలస్ట్రేటర్ ప్రిఫరెన్సెస్‌లో అదే టైప్ అన్నచోట ఇండిక్ ఆప్షన్స్ చూపించమనాలి. మరికొన్నింటిలో ఆ పద్ధతే ఉండదు. అందుకే ఏ సాఫ్ట్‌వేర్ దించుకున్నా మొదటి పది నిమిషాలలో ‘శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు’ అని, ‘జ్యేష్ఠ పుత్రుడు’, ‘లక్ష్మీ’ అని మీరు వాడే ఫాంట్లతో కొట్టి చూడండి. ఆ మాటలు సరిగ్గా రాకపోతే మిగతా ఆరు రోజులు దానిమీద పెట్టడం వృథా.

అను ఫాంట్ల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే డీటీపీ సెంటర్ అలవాటుతో మీరు వాటినే వాడుతూ ఉండవచ్చు. అవి యూనికోడ్‌కు, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగులాగే కనబడే పద్ధతికి, ముందుకాలపువి. ఫాంటు లేని కంప్యూటర్‌లో ఆ తెలుగంతా పిచ్చి ఇంగ్లీషు గుర్తులుగా కనబడుతుంది. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు, ధూర్జటి, పెద్దన, తిమ్మన వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి, వ్యాపారానికీ వాడుకోవచ్చు. శుభలేఖ మేటరును యూనికోడ్‌లో నోట్‌ప్యాడ్ ఫైలుగా వేరే దాచుకుంటే, డిజైను పోయినా మాటలు పోవు. పెళ్లివారి బంధువుల పేర్లు 40 వరుసలు మళ్లీ కొట్టడం ఎంత విసుగో మీకు తెలియనిది కాదు.

మిగిలిన 10 పనుల ఫైళ్లను బయటికి తీసే దారులు ఉన్నాయి. ఆ ఫైళ్ల పేర్ల చివర ఏముందో మీరు రాయలేదు కాబట్టి రెండింటికీ చెబుతున్నాను. సీడీఆర్ (కోరల్‌డ్రా ఫైలు) అని ఉంటే ఇంక్‌స్కేప్‌లోనూ, లిబ్రేఆఫీస్ డ్రా అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనూ తెరిచి చూడండి. రెండూ ఆ రకాన్ని చాలావరకు చదవగలవు, అయితే ఫాంట్లు, ఛాయలు కొన్నిచోట్ల మారతాయి. ఏఐ (ఇలస్ట్రేటర్ ఫైలు) అని ఉంటే, పీడీఎఫ్ ప్రతిని కలిపి సేవ్ చేసి ఉన్నంతవరకు దానిని పీడీఎఫ్‌లాగే ఇంక్‌స్కేప్ తెరుస్తుంది. అది కుదరకపోతే, మీరు పనిచేసిన పాత డీటీపీ సెంటర్‌లో లైసెన్సుతో సాఫ్ట్‌వేర్ ఉంటే ఒక గంట కూర్చోనివ్వమని అడగండి. వారి వెర్షన్ పాతదైతే మీ కొత్త ఫైళ్లు అక్కడ తెరుచుకోవు, అది ముందే అడిగి వెళ్లండి. ఆఖరి దారి, ఒక్క నెలకు డబ్బు కట్టి అన్నింటినీ పీడీఎఫ్‌లుగా తీసుకుని ఆపేయడం. మళ్లీ అచ్చుకు వచ్చే పనులు అందులో రెండో మూడో ఉంటే ఆ ఖర్చు దండగ. విజిటింగ్ కార్డులవారు మళ్లీ వస్తారు, పెళ్లివారు అదే కార్డుతో మళ్లీ రారు. ఆ లెక్క మీరే వేసుకోగలరు.

ఇప్పుడు మీరు అడిగిన నాలుగు దారులు.

కొత్త మెయిల్ ఐడీతో మళ్లీ ట్రయల్ తీసుకోవడం మీకు తేలికగా అనిపిస్తోంది. చాలా సాఫ్ట్‌వేర్లు మెయిల్‌ను కాక కంప్యూటర్‌ను గుర్తుపెట్టుకుంటాయి, కాబట్టి అది పనిచేయకపోవచ్చు. పనిచేసినా అది ఒప్పందాన్ని తప్పడమే. దానికంటే నన్ను కలవరపెట్టేది మరొకటి ఉంది. ప్రతి కొత్త గడువులో మరికొన్ని పనులు అదే పెట్టెలో వేసి తాళం వేసుకుంటారు, గడువు తీరే రోజు ఎప్పుడూ ఎవరి ముహూర్తమో మారే రోజే అవుతుంది.

మీ మరిది తెచ్చిన క్రాక్ గురించి నేను మెత్తగా చెప్పలేను. సగం షాపుల్లో అదే ఉందన్న మాట నిజమే అయినా, ఆ షాపుల కంప్యూటర్లలో వారి ఇంటి బ్యాంకు ఖాతాలు ఉండకపోవచ్చు. మీ ల్యాప్‌టాప్ ఒక్కటే. పాప బడి ఫీజు, డ్వాక్రా వాయిదా, మీవారి నెట్ బ్యాంకింగ్ అన్నీ దానిలోనే జరుగుతాయని మీరే రాశారు. క్రాక్ నడవాలంటే ముందు యాంటీవైరస్‌ను ఆపమంటారు. పాస్‌వర్డులు దొంగిలించే ప్రోగ్రాములు లోపలికి వచ్చేది సరిగ్గా ఆ తలుపులోంచే. చట్టం సంగతికి వస్తే, 1957 కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షన్ ప్రకారం దొంగ ప్రతి అని తెలిసీ వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉండవచ్చు. వ్యాపార లాభం కోసం కాకపోతే శిక్ష తగ్గించే వీలు కోర్టుకు ఉంది, మీరు చేసేది వ్యాపారం కాబట్టి ఆ వెసులుబాటు మీకు వర్తించదు. మరిది మీ మేలు కోరే తెచ్చాడు. అతనిని నొప్పించకుండా, ఆ పెన్‌డ్రైవ్‌ను మీ ల్యాప్‌టాప్‌కు పెట్టకుండానే తిరిగి ఇచ్చేయండి.

కొనుక్కోవడమా అన్నదానికి లెక్క కావాలి. మీ పనికి ఏడాది పొడుగునా ఒకే గిరాకీ ఉండదు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం, కార్తీకంలో తీరిక ఉండదు. ఆషాఢంలో, భాద్రపదంలో, మూఢం వచ్చిన రోజుల్లో ఫోనే మోగదు. కానీ చందాకు మూఢం లేదు, ప్రతి నెలా కోసుకుంటూనే ఉంటుంది. అందుకని కడితే నెలనెలా ఆపుకునే వీలున్న పద్ధతిలో, సీజన్ నెలలకు మాత్రమే కట్టండి. అది నెలకు కొంత ఎక్కువ పడినా మీకు అదే లాభం. ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చదవాలి. ‘నెలకు ఇంత’ అని కనబడే చాలా చందాలు నిజానికి ఏడాది ఒప్పందాలు, చెల్లింపు మాత్రమే నెలవారీ. మధ్యలో మానుకుంటే మిగిలిన కాలానికి రుసుము పడుతుంది. ఈ రుసుమును కొనుగోలుదారులకు సరిగా చెప్పలేదన్న ఆరోపణతోనే 2024 జూన్‌లో అమెరికా ప్రభుత్వం అడోబ్ మీద దావా వేసింది. మీకు డబ్బు పోయింది వేరే సంస్థ దగ్గర, కానీ పాఠం ఒక్కటే.

నెలకు 2,300 రూపాయలంటే మీ ధరలో దాదాపు నాలుగు డిజైన్లు. నెలకు పది కార్డులు వచ్చే సీజన్‌లో అది భరించగలిగేదే, మూడు కార్డుల నెలలో అది నష్టమే. మీరు రాసిన 600 రూపాయల ధరలో కరెంటు, ల్యాప్‌టాప్ వాయిదా, ప్రెస్సుకు తిరిగే ఆటో ఖర్చు, సాఫ్ట్‌వేర్ ఏవీ లేవు. ఇంట్లో కూర్చుని చేస్తున్నానన్న మొహమాటంతో వేసిన ధర అది. ఆరేళ్ల అనుభవం ఉన్న చేయి మీది, ధర పెంచడానికి వెనకాడకండి.

డబ్బు కట్టకుండా, దొంగతనం లేకుండా, గడువు లేకుండా పనిచేసే దారి కూడా ఉంది, దానిని మీరు లెక్కలోకే తీసుకోలేదు. ఇంక్‌స్కేప్ 2003 నుంచి ఉంది. గడువు లేదు, వాటర్‌మార్క్ లేదు, వ్యాపారానికి వాడుకోవచ్చు. తావత్తు, యావత్తు దానిలో చక్కగా కూర్చుంటాయి. దాని లోటు అచ్చు రంగులలోనే. ఆ లోటును స్క్రైబస్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్ పూరిస్తుంది. ఇంక్‌స్కేప్‌లో అక్షరాలు కూర్చి, వాటిని ఆకృతులుగా మార్చి, స్క్రైబస్‌లోకి తెచ్చి, అక్కడ రంగులను సీఎంవైకేలో నిర్ణయించి, నలుపును ఒక్క నల్ల సిరాగా ఉంచి పీడీఎఫ్ తీయవచ్చు. ఫోటోలు సరిదిద్దడానికి గింప్ ఉంది. 2025 అక్టోబరు చివర నుంచి అఫినిటీ అనే డిజైను సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమైంది. అచ్చు రంగుల విషయంలో అది గట్టిది, భారతీయ లిపుల విషయంలో మాత్రం ఎప్పటినుంచో బలహీనం. ‘శ్రీరస్తు’ పరీక్ష పెట్టాకే దానిమీద సమయం ఖర్చు చేయండి; అందులో వత్తులు రాకపోతే ఇంక్‌స్కేప్‌లో కూర్చిన అక్షరాలను ఆకృతులుగా తెచ్చి పెట్టుకోవచ్చు.

ఈ దారికీ ఖరీదు ఉంది. మీ చేతివేళ్లకు అలవాటైన మీటలు అక్కడ వేరు. మొదటి నెల రెండు గంటల పని ఐదు గంటలు పడుతుంది, ఏడుపు వస్తుంది. సీడీఆర్ ఫైలే కావాలని పట్టుబట్టే ప్రెస్సులు కూడా ఉన్నాయి. మీ ప్రెస్సువారు పీడీఎఫ్ తీసుకుంటున్నారు కాబట్టి మీకు ఆ అడ్డంకి లేదు. వచ్చే ఆషాఢాన్ని ఇందుకు వాడుకోండి. పాత కార్డు ఒకటి తీసుకుని, మొదటి నుంచి చివరి వరకు కొత్త పద్ధతిలో చేసి, ప్రెస్సులో ఒక్క ప్రతి తీయించి పక్కపక్కన పెట్టి చూడండి. అది నచ్చితే సాగించండి. చేయి తిరగకపోతే సీజన్ నెలలకు చందా కట్టే దారి ఎలాగూ ఉంది. పనే మానుకోవడం అన్న నాలుగో దారి గురించి నేను రాయను, ఎందుకంటే మీ ఉత్తరంలో ఆ మాట అలసటతో రాసినట్టే ఉంది.

ఆ 2,300 రూపాయల సంగతి మిగిలింది. కార్డు నంబరు అడిగే ట్రయల్‌లో గడువు తీరగానే డబ్బు కోసుకోవడం ముందే రాసుకున్న షరతు, కానీ మీకు హక్కులు లేకపోలేదు. 2021 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంకు నియమాల ప్రకారం ఇలా పదేపదే కోసుకునే చెల్లింపులకు కనీసం 24 గంటల ముందు మీవారికి సందేశం రావాలి, ఆ అనుమతిని బ్యాంకు ద్వారా రద్దు చేసుకునే వీలు ఉండాలి. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలలో 13 రకాల మోసపు ఎత్తుగడలను నిషేధించారు. ఉచిత చందా కోసం చెల్లింపు వివరాలు ఇవ్వమని బలవంతపెట్టడం, రద్దు చేసుకోవడాన్ని చిక్కుముడిగా మార్చడం వాటిలో ఉన్నాయి. ముందు ఆ సంస్థకు డబ్బు తిరిగి ఇవ్వమని మెయిల్ రాయండి. గడువు తీరిన కొద్ది రోజులలోపు అడిగితే తిరిగి ఇచ్చే సంస్థలు ఉన్నాయి. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

అయితే వీటిలో ఏది చేయాలన్నా మీవారి ఫోన్‌లోని సందేశం కావాలి, మీవారి బ్యాంకు ఖాతాలో ఆ అనుమతిని రద్దు చేయాలి. ఈ నెల రద్దు చేయకపోతే వచ్చే నెల మళ్లీ 2,300 పోతుంది. అప్పుడు తెలియదన్న మాట రెండోసారి చెప్పవలసి వస్తుంది. కోపం వస్తుందని భయపడుతున్నారు. వస్తుంది కూడా. కానీ తన కార్డును ఎవరో దొంగ వాడుతున్నాడన్న అనుమానంతో ఆయన ఈపాటికి బ్యాంకు చుట్టూ తిరుగుతూ ఉండవచ్చు, ఆ తిరుగుడు మీరు ఆపగలరు. చెప్పేటప్పుడు పోయిన 2,300తో మొదలుపెట్టి, ఆ 11 పనులకు వచ్చిన 6,600 రూపాయల లెక్కా పక్కన పెట్టండి. సందేశం వచ్చిన తేదీ, సంస్థకు మీరు మెయిల్ రాసిన తేదీ ఒక కాగితం మీద రాసుకుని కూర్చుంటే, ఇద్దరూ కలిసి ఆ సాయంత్రమే అనుమతిని రద్దు చేయవచ్చు.